నలభై ఒక్క సొట్టల రేకు

షార్జా నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. పలకరించిన వాళ్ళందరూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. బంగారం ఎంత తెచ్చావు, ఆ పెద్ద భవనం పైకి ఎక్కావా అని. బంగారం తేలేదు. భవనం దూరం నుంచి కారు కిటికీలోంచి కనబడింది, చూశాను, అంతటితో చాలనిపించింది. నేను వెళ్ళింది ఒక జింకు రేకుతో, వచ్చింది ఉత్త చేతులతో. దుబాయ్ పోయి ఉత్త చేతులతో వచ్చిన మనిషిని మా నెల్లూరులో ఎవరూ మెచ్చుకోరు గనక, అసలు సంగతి రాసిపెడుతున్నాను.

మేం డిగ్రీ చదివే రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, కుర్రకారంతా జుట్టు పెంచి, ఉన్నవన్నీ తప్పంటున్న కాలంలో, నెల్లూరులో ‘చప్పుడు సంఘం’ అని ఒకటుండేది. సంఘమంటే ముగ్గురం. డ్రాయింగు మాస్టారు సుదర్శనం, టేపు రికార్డరున్న ప్రభాకరం, నేను. రాగం తాళం లేకుండా ఒట్టి చప్పుళ్ళతోనే కచేరీ చెయ్యాలని మాస్టారి పట్టుదల. పైదేశాల్లో ఎవరో పియానో తీగల మధ్య మేకులు దూర్చి వాయిస్తున్నారని ఆయన ఏదో పత్రికలో చదివారు. నెల్లూరులో పియానో ఎక్కడ దొరుకుతుంది? అందుకని బస్సు బాడీలు కట్టే షెడ్డు నుంచి నాలుగడుగుల జింకు రేకు తెప్పించి, దానిమీద నలభై ఒక్క సొట్టలు కొట్టించారు. పెద్ద సొట్టకి పెద్ద చప్పుడు, చిన్న సొట్టకి చిన్న చప్పుడు. రెండు సొట్టల మధ్య ఎడం ఎంతుంటే అంతసేపు ఆగాలి. రేకే వాయిద్యం, ఏది ఎప్పుడు కొట్టాలో చెప్పేదీ రేకే. మాస్టారు కొయ్యసుత్తితో వాయించేవారు. ప్రభాకరం బస్టాండు గోలంతా టేపు మీద వినిపించేవాడు. నేను గడియారం పట్టుకుని టైము చూసేదాన్ని. మూడుసార్లు ప్రదర్శించాం. మొదటిసారి నవ్వారు, రెండోసారి చెప్పు వచ్చి పడింది, మూడోసారి ఎవరూ రాలేదు.

మాస్టారూ ప్రభాకరమూ ఇప్పుడు లేరు. టేపులు బూజు పట్టి పోయాయి. రేకు మటుకు మా అటక మీద మిగిలింది. ఆ కాలపు ప్రయోగాలన్నీ ఏరి షార్జాలో ప్రదర్శన పెడుతున్న నూర్ అనే బీరూట్ అమ్మాయి, పాత చిన్న పత్రికలో మా ఫోటో చూసి నన్ను వెతికి పట్టుకుంది. రేకు తెచ్చి, శనివారం సాయంత్రం ఒక్కసారి వాయించి చూపించమంది. నేను ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. గడియారం తప్ప ఏదీ వాయించి ఎరగను. అయినా సరేనన్నాను.

చెన్నై విమానాశ్రయం

రేకుని దుప్పట్లో చుట్టి, రెండు అట్టల మధ్య పెట్టి కట్టించాను. సామాను దగ్గర కుర్రాడు ఇదేంటని అడిగాడు. సంగీతమన్నాను. ఇంటి కప్పుకా అన్నాడు. వాడి తప్పు లేదు. మా అమ్మ కూడా దాన్ని చాలా ఏళ్ళు వడియాలు ఎండబెట్టడానికి వాడింది.

షార్జాలో దిగి మూట విప్పి చూస్తే, వేలాడదీసే రెండు చెవుల్లో ఒకటి చిరిగి ఉంది. సొట్టలు నలభై ఒకటీ క్షేమం. మూట పక్కన నిలబడి లెక్కపెట్టుకుంటుంటే వెనక క్యూలో ఉన్నవాళ్ళు ఓపిగ్గా ఆగారు. మన దగ్గరైతే ఈపాటికి నలుగురు సలహా ఇచ్చేవాళ్ళు.

అల్ నహ్దా

నా బస అల్ నహ్దాలో, పదకొండో అంతస్తులో. ఆ పేట మన పేటే అనుకోవాలి. లిఫ్టులో కరివేపాకు వాసన. కింద మలయాళీ కొట్లో మునక్కాడలు, కందిపప్పు, అప్పడాలు. ఇడ్లీ ప్లేటు ఆరు దిర్హాములు, చట్నీ రెండోసారి అడిగితే మొహం చిట్లించకుండా పోశారు. నెల్లూరులో ఆ ధరకి ఇంట్లో అందరం తినొచ్చని లెక్క వేసుకుని, లెక్కలు మానేస్తే తప్ప ఇక్కడ ఆకలి తీరదని రెండోరోజే తెలుసుకున్నాను.

వింతగా అనిపించింది ఒకటుంది. ఆ ఊళ్ళో రోడ్డు మీద ఎవరూ హారన్ కొట్టరు. కానీ చాయ్ దుకాణం ముందు కారు ఆపి ఒక్కసారి కొడితే చాలు, కాగితం కప్పులో కరక్ చాయ్ కారు కిటికీ దగ్గరికి నడిచొస్తుంది. మనం అడ్డొచ్చిన గేదె మీదా, అడ్డురాని గేదె మీదా సమానంగా ఖర్చు పెట్టే హారన్ని వీళ్ళు చాయ్ కోసం దాచుకుంటారు. మాస్టారు చూసుంటే ఆ దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

ఇండస్ట్రియల్ ఏరియా

బుధవారం పొద్దున నూర్ నన్ను కారులో ఇండస్ట్రియల్ ఏరియాకి తీసుకెళ్ళింది, చెవి అతికించడానికి. ఆ దారంతా గ్యారేజీలు. విప్పేసిన కారు తలుపులు, గ్రైండర్ల నిప్పురవ్వలు, ఎండలో నిద్రపోతున్న పిల్లులు. సన్నగా పొడుగ్గా ఉండే నూర్ ఆ నూనె మరకల మధ్య తెల్ల బూట్లతో నడుస్తూ, గోడ మీద పెట్టే ఫలకం నమూనా ఫోనులో చూపించింది. ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ మూడేసి వరసలు. రచన సుదర్శనం, టేపు ప్రభాకరం, సమయం వసుంధర. నా పేరు అరబ్బీలో ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను, ముచ్చటేసింది.

గ్యారేజీలో డెంటింగ్ పని చేసే రాజయ్య జగిత్యాల దగ్గరి మనిషి. నలభై దాటాయి, పదిహేడేళ్ళుగా ఇక్కడే. నా చీర చూసి తెలుగులో పలకరించాడు. నూర్ మూడు భాషల్లో ప్రయత్నిస్తున్న పని నేను ఒక్క మాటలో తేల్చేశానని గర్వపడి, చెవి చూపించి, మంచిగా చెయ్యి నాయనా, శనివారం నలుగురూ చూసే వస్తువు అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత జరిగినదానికి నాందీ ప్రస్తావన అదే.

రేపు మధ్యాహ్నానికి ఇస్తానన్నాడు రాజయ్య. నూర్ పని మీద పోయింది. నేను టాక్సీ ఎక్కి అజ్మాన్ బయల్దేరాను.

అజ్మాన్

రేకు మీద సొట్టలు కొట్టిన మనిషి మా ముగ్గురిలో లేడు. ఆయన పేరు షేక్ ఖాజా. అప్పుడు ఇరవై ఏళ్ళవాడు, బస్సు బాడీల షెడ్డులో పనివాడు. మాస్టారు కాగితం మీద గీసిచ్చిన చుక్కల్ని నాలుగు రకాల సుత్తులతో రేకు మీదికి ఎక్కించింది ఆయనే. తర్వాత కొన్నేళ్ళకే దుబాయ్ పోయాడు. నెల్లూరులో ఆయన తమ్ముడి దగ్గర ఫోన్ నంబరు తీసుకుని, వస్తున్నానని చెప్పించాను.

ఇప్పుడు కొడుకు ఇంతియాజ్ ఇంట్లో ఉంటున్నాడు. తలుపు తీసింది ఆయనే. గడ్డం తెల్లబడింది, చేతులు మటుకు అవే, వెడల్పాటి అరచేతులు. నలభై ఏళ్ళు రేకుల మధ్య పనిచేసి చెవులు పోయాయి. మిషను ఉంది గాని డబ్బాలోనే ఉంటుందని కోడలు నవ్వుతూ చెప్పింది. నన్ను సోఫాలో కూర్చోబెట్టి, “ఏంది చెల్లెమ్మా, యాభై ఏళ్ళు పట్టిందా నెల్లూరు నుంచి అజ్మాన్ రావడానికి?” అన్నాడు.

చేపల పులుసు పెట్టారు. వంజరం ముక్కలు, మామిడికాయ. నెల్లూరు పులుసే, కానీ మరుసటి రోజుది కాదు, ఆ పూటదే. పులుసు ఒక రాత్రి నిలవుంటేనే రుచని కోడలికి తెలుసట, మీరొస్తున్నారని పొద్దున్నే తెలిసింది, ఏం చెయ్యను అంది. మనవడు అరబ్బీ పాఠం చదువుకుంటున్నాడు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవగలిగిన వాళ్ళు ఎవరూ లేరు.

తిన్నాక ఖాజా అన్న లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో మడతలు చిరిగిన పాత కాగితం. మా మొదటి కచేరీ కరపత్రం. నా దగ్గర కూడా లేదు.

ఆయన వేలితో నాలుగో వరస చూపించాడు. “ఇది నా పేరే గదా చెల్లెమ్మా? నాలుగో లైను నీదేరా అని మాస్టారు చెప్పినాడు అప్పట్లో.”

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఖాజా బడికి పోలేదు. మసీదులో హజ్రత్ దగ్గర అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నాడు, తెలుగు చదవడం రాదు. ఆ కరపత్రానికి మాస్టారు నాకు ఐదు వరసలు చెప్పారు. పేరు, రచన, టేపు, రేకు, సమయం. నాలుగోది రేకు, షేక్ ఖాజా. నేను రాసుకుని అచ్చాఫీసుకు తీసుకెళ్ళాను. ఐదు వరసలకి చోటు లేదమ్మా, ఒకటి తీసెయ్యండి అన్నాడు అచ్చాఫీసాయన. నేను ఆలోచించలేదు కూడా. షామియానా వేసినవాడి పేరు వేస్తామా, రేకు కొట్టినవాడి పేరెందుకు అనుకుని ఆ వరస కొట్టేశాను. అచ్చయి వచ్చాక చూసి మాస్టారు ఒకరోజంతా నాతో మాట్లాడలేదు. అయినా దాన్ని మళ్ళీ అచ్చు వెయ్యలేదు, ఖాజాతో ఎవరం ఆ మాట చెప్పనూ లేదు.

ఆయన వేలు ఆనిన నాలుగో వరసలో ఉన్నది ‘సమయం - వసుంధర’.

“అవునన్నా” అన్నాను. ఆయన వినిపించలేదన్నట్టు చూస్తే, తల కూడా ఊపాను. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కవర్లో పెట్టుకున్నాడు. ఏడు సముద్రాల నీళ్ళతో కడిగినా పోనంత సిగ్గేసింది.

బయటికొచ్చి రోడ్డు మీది నుంచే నూర్‌కి ఫోన్ చేశాను. ఫలకం మీద ఇంకో పేరు రావాలని, ఎవరిదో, ఎందుకో మొత్తం చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, ఫలకంలో మూడు వరసలకే చోటుంది మేడం, ఇంకో వరస పట్టదు అంది. అచ్చాఫీసాయన గొంతు బీరూట్ యాసలో విన్నట్టయింది. అయితే ఒక వరస తీసెయ్యి అన్నాను. ఏది తియ్యాలో కూడా చెప్పాను. రాతపూర్వకంగా కావాలంది. అల్ నహ్దాకి వచ్చి రాసి పంపాను.

మళ్ళీ ఇండస్ట్రియల్ ఏరియా

గురువారం మధ్యాహ్నం నూర్‌తో కలిసి వెళ్ళేసరికి రేకు గోడకి ఆనించి ఉంది. అద్దంలా మెరుస్తోంది. చెవి అతికింది. సొట్ట ఒక్కటి లేదు.

రాజయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “చెవ్వు అతికిచ్చినమ్మా. గని రేకంత సొట్టలే ఉండె. గట్లనే ఇస్తే మన పరువేం గావాలె? తిండి మానుకోని సాపు జేసిన. చెయ్యి పెట్టి చూడుండ్రి, ఒక్కటన్న దొరుకుతదేమో.”

చెయ్యి పెట్టాను. దొరకలేదు. ఊరి మనిషి, పెద్దామె, సొట్టలు పడ్డ రేకు మోసుకొచ్చి మంచిగా చెయ్యి నాయనా అంటే, కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పనివాడు ఇంకేం చేస్తాడు? తప్పంతా నా నోటిదే. సొట్టలే దాని విలువ అని ఆయనకి చెబుతుంటే నా మాట నాకే పిచ్చిగా వినబడింది. అర్థమయ్యాక రాజయ్య రేకు ముందు కూలబడి రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

నూర్ కేకలు వెయ్యలేదు. ఫోటోలున్నాయి కదా, చూసి మళ్ళీ కొట్టించవచ్చా అని నేనే అడిగాను. కొడితే అది నకలవుతుంది మేడం, అసలుది కాదు, నకలు నేను గోడ మీద పెట్టలేను అంది మెల్లగా. రేపటికల్లా దారి దొరక్కపోతే మా రేకుని ప్రదర్శన నుంచి తీసేస్తారు. రేకు లేకపోతే ఫలకం ఉండదు. ఫలకం లేకపోతే ఆయన పేరు రెండోసారి కూడా నా మూలంగానే పోతుంది. నూర్‌కి రేకు బెంగ, నాకు పేరు బెంగ.

ఇంతియాజ్‌కి ఫోన్ చేశాను. గంటన్నరకి తండ్రిని తీసుకొచ్చాడు. ఖాజా అన్న ఎవరినీ పలకరించకుండా రేకు దగ్గరికి పోయి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించాడు. తర్వాత రాజయ్యని పిలిచి భుజం తట్టాడు.

“మంచి చెయ్యి. మా పనిలో మేలైన పనంటే చేసినోడి గుర్తు మిగలకూడదు” అన్నాడు. ఆ మాట రాజయ్యకి ఊరట, నాకు చెంపదెబ్బ.

తర్వాత, సాపు చేసేటప్పుడు గ్యాస్ మంట పెట్టావా అని అడిగాడు. లేదు చాచా, జింకు పోతదని ఒట్టి సుత్తెతోనే జేసిన అన్నట్టు రాజయ్య చేతులు ఊపి చూపించాడు. ఖాజా అన్న ముఖం విప్పారింది. నావైపు తిరిగాడు.

“సొట్ట పడ్డ కాడ రేకు సాగుద్ది చెల్లెమ్మా. సాగినాక ఎంత సాపు చెయ్యి, అది మొదటి రేకు కాదు. మంట పెట్టి చల్లార్చుంటే ముడుచుకునేది. ఈయన పెట్టలా. ఉంటాయి, యాడికి పోతాయి.”

బొటనవేలితో ఒకచోట నొక్కాడు. టిక్కుమని రేకు లోపలికి పోయి నిలబడింది. పాత సొట్ట ఉన్న చోటే. ఆయనకి ఆ చప్పుడు వినబడదు, వేలి కింద కదలిక తెలుస్తుంది. నాకు కదలిక తెలియదు, చప్పుడు వినబడుతుంది. అలా ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేశాం. ఆయన నొక్కేవాడు, టిక్కుమంటే నేను వేలెత్తి లెక్క చెప్పేదాన్ని, రాజయ్య సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు. సాగిన మేరకే ఒక్కొక్కదాన్నీ సుత్తితో నెమ్మదిగా దించాడు. ఒకచోట అరగంట వెతికాడు. ముప్ఫై ఎనిమిదోది దొరకలేదు. ఖలాస్ అనేశాడు రాజయ్య. ఖాజా అన్న లేచి నీళ్ళు తాగి, రేకు తిరగేసి వెనక నుంచి వెతికి పట్టుకున్నాడు.

నలభై ఒకటి అయ్యేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజా వినబడింది. నూర్ ఫోటోలు పక్కన పెట్టి ఒక్కొక్కటే సరిచూసింది. ఇది నకలు కాదు, అదే రేకు అంది. రాజయ్య హారన్ లేకుండానే అందరికీ చాయ్ తెప్పించాడు.

శనివారం, పాత ఇల్లు

ప్రదర్శన షార్జా పాత పేటలో, సముద్రపు రాయితో కట్టిన గోడలున్న ఇంట్లో. మధ్యలో మండువా లాగా ఆకాశానికి తెరుచుకున్న చోటు. ఈజిప్టు వాళ్ళ పాత రేడియో పెట్టెలొక గదిలో, ఎవరో బొంబాయి చిత్రకారుడు కాల్చేసిన కాన్వాసు బూడిద ఇంకో గదిలో. యాభైమంది దాకా వచ్చారు. అందులో రాజయ్య ఇస్త్రీ చొక్కాతో వెనక వరసలో.

వాయించాల్సింది నేను. కొయ్యసుత్తి ఖాజా అన్నకిచ్చేశాను. ఆ పూట మిషను పెట్టుకొచ్చాడు, రేకు ముందు నిలబడగానే తీసి జేబులో వేసుకున్నాడు. ఎడమ అరచెయ్యి రేకుకి ఆనించి, కుడిచేత్తో మొదటి సొట్ట మీద కొట్టాడు. రేకు వణుకు పూర్తిగా చెయ్యి దాటిపోయాకనే రెండోది కొట్టాడు. మాస్టారు ఎప్పుడూ అంతసేపు ఆగలేదు. నేను గడియారం పట్టుకున్నాను. అప్పట్లో ఏడు నిమిషాలు పట్టేది, ఈసారి పది నిమిషాల పన్నెండు సెకన్లు. చెప్పు పడలేదు. ఎవరో ఒకాయన నవ్వాడు, అది మాకు పాత అలవాటే. నాకు కళ్ళు చెమర్చాయి, టైము చూడ్డానికి కొంచెం ఇబ్బందైంది.

జనం పల్చబడ్డాక ఖాజా అన్న మిషను పెట్టుకుని ఫలకం దగ్గరికి పోయాడు. ఇంగ్లీషు వైపు చూడలేదు. అరబ్బీ మీద కుడి నుంచి ఎడమకి వేలు నడిపిస్తూ పైకే చదివాడు. మొదటి వరస మాస్టారిది, రెండోది ప్రభాకరానిది. మూడో వరస దగ్గర గొంతు తగ్గింది. రేకు, షేక్ ఖాజా. రెండుసార్లు చదివాడు. కిందికి చూశాడు, ఇంకేం లేదు.

“నీ పేరేదమ్మా ఇందులో?”

“నాది ఆ పాత కాగితంలో ఉందన్నా” అన్నాను.

“ఆఁ. నాలుగో లైన్లో” అన్నాడు, ఫలకం మీదే చూపు పెట్టి.

ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు.